ట్రావెల్ ట్రైలర్ సీలెంట్ టేపు: ఎన్నాళ్లు దాచొచ్చు, ఎక్కడ దాచాలి, పాత రోల్‌ని ఎలా పరీక్షించాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. డాలస్‌లో ఇంటి గరాజ్ అరలో మూడేళ్లుగా మూడు రోల్స్ పడి ఉన్నాయి: కవరు విప్పని 4 అంగుళాల ఎటెర్నాబాండ్ ఒకటి, కవరు విప్పని బ్యూటైల్ టేపు ఒకటి, సగం వాడి వదిలేసిన బ్యూటైల్ మరొకటి. ఈ వసంతంలో ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కప్పు మీద వెంట్ (గాలి వచ్చే మూత) ఊడదీసి మళ్లీ బిగించాలి, ముందు అంచు అతుకు మీద టేపు వేయాలి. ఇవి పనికొస్తాయా, కొత్తవి కొనాలా?

ముందు తేల్చి చెప్పేస్తాను. సగం వాడిన బ్యూటైల్‌ని వెంట్ కింద పెట్టకండి. విప్పని రెండు రోల్స్‌ని మాత్రం తేదీ చూసి పారేయక్కర్లేదు. కింద చెప్పిన పరీక్షలు పెట్టి, నెగ్గితే వాడండి. టేపుని చెడగొట్టేది గడిచిన కాలం కంటే ఎక్కువగా వేడి. రెండు వేసవులు గరాజ్‌లో మగ్గిన రోల్ కంటే, ఇంట్లో ఏసీ ఉన్న గదిలో నాలుగేళ్లు ఉన్న రోల్ బాగుండటం మామూలే.

ఈ రెండు టేపులూ ఒకటి కావు, వాటి పనులూ ఒకటి కావు. బ్యూటైల్ టేపుకి వెనక బట్ట గానీ ప్లాస్టిక్ పొర గానీ ఉండదు. ముద్దలాంటి జిగురే టేపు, దానికి ఒక పక్క కాగితం. మందం సాధారణంగా ఒక అంగుళంలో ఎనిమిదో వంతు, వెడల్పు ముప్పావు అంగుళం నుంచి అంగుళం. వెంట్, కిటికీ, తలుపు ఫ్రేమ్, స్కైలైట్ లాంటి వాటి ఫ్లాంజ్ (చుట్టూ ఉండే చదునైన అంచు) కింద పెట్టి స్క్రూలు బిగిస్తే నలిగి సందులన్నీ నింపుతుంది. అందులో ఉన్నది సైకిల్ ట్యూబుల్లో గాలి నిలపడానికి వాడే బ్యూటైల్ రబ్బరే, కాకపోతే ఇక్కడ దాన్ని గట్టిపరచకుండా, పాలీబ్యూటీన్ నూనె, సుద్దలాంటి పొడి, అంటుకునే రెజిన్ కలిపి మెత్తగా ఉంచుతారు. ఎటెర్నాబాండ్ అలా కాదు. దానికి ఎండకి తట్టుకునే తెల్లటి పై పొర ఉంటుంది, కింద దళసరి జిగురు ఉంటుంది. దాన్ని కప్పు పైన, బయటికి కనిపించేలా వేస్తారు. పై పొర ఉంది కాబట్టి ఎండలో నిలుస్తుంది. ఉత్త బ్యూటైల్‌ని అలా ఎండకి వదిలేస్తే నిలవదు.

హార్డ్‌వేర్ షాపుల్లో పుట్టీ టేపు అని చవగ్గా దొరికేది ఈ రెండింటికీ సంబంధం లేనిది. అది మట్టి, నూనె కలిపిన ముద్ద. కొన్నాళ్లకే ఎండి బీటలు వారుతుంది. మీ దగ్గరున్న సగం రోల్ మీద పేరు చెరిగిపోయి ఉంటే అది ఏదో తెలియడానికి ఒక తేలిక దారి ఉంది: చిన్న ముక్క తీసి రెండు చివరలూ పట్టుకుని లాగండి. పుట్టీ పుటుక్కున తెగుతుంది, బ్యూటైల్ సాగుతుంది.

ఇక అందరికీ వచ్చే సందేహం. కప్పు మీద 15, 20 ఏళ్లు నిలిచే టేపుకి పెట్టె మీద ఏడాది, రెండేళ్ల గడువే ఎందుకు వేస్తారు? ఆ రెండూ వేరువేరు లెక్కలు. గడువు చెప్పేది మొదటిసారి తగిలినప్పుడు టేపు ఉపరితలంలోకి పారి, చిన్న చిన్న గుంటల్లోకి దిగి పట్టుకునే శక్తి గురించి. ఒకసారి పట్టుకున్నాక జిగురుకి గాలి తగలదు, ఎండ తగలదు, ఫ్లాంజ్ కింద ఉన్నదానికైతే స్క్రూల ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. అందుకే అక్కడ ఏళ్ల తరబడి బతుకుతుంది. రోల్‌గా ఉన్నంతకాలం మాత్రం అంచులు గాలికి తెరిచి ఉంటాయి, కాగితం నూనె పీలుస్తూ ఉంటుంది, ఒత్తిడి ఉండదు. కాబట్టి గడువు దాటిన టేపు అంటించిన రోజు బాగానే కనిపిస్తుంది. రెండు శీతాకాలాలు గడిచాక, కప్పు వేడికి పెరిగి చలికి తగ్గుతుంటే, సరిగ్గా పట్టని చోట వెంట్రుకవాసి సందు పడుతుంది. నీళ్లకి అంతకంటే అక్కర్లేదు.

వేడి ఏం చేస్తుందో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఎక్కడ దాచాలన్నది దాన్నిబట్టే. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా రసాయన మార్పుల వేగం దాదాపు రెట్టింపు అవుతుందన్నది స్థూలంగా వాడే లెక్క. ఇంట్లో 22 డిగ్రీలు, జూలైలో పడమటి ముఖం గరాజ్‌లో 40 డిగ్రీలు అనుకుంటే, అక్కడ ఒక నెల ఇక్కడ మూడు నెలల పైమాటే. టేపు జిగటకి మూలమైన రెజిన్ పై పొరలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. నూనె మెల్లగా కాగితంలోకి, అట్టపెట్టెలోకి దిగుతుంది. పెట్టె అడుగున జిడ్డు మరక కనిపిస్తే ఆ నూనె మీ టేపులోంచి వచ్చిందే. మూడోది కంటికి కనిపించే నష్టం: వెచ్చబడిన బ్యూటైల్ తన బరువుకే జారి, పొరలు పక్కలకి పొంగి, కాగితం అంచు దాటి పక్క పొరతో కలిసిపోతుంది. అలా కలిసిన రోల్‌ని విప్పితే టేపు ఒకచోట పలచగా, ఒకచోట లావుగా సాగి వస్తుంది. పలచబడ్డ చోట ఫ్లాంజ్ కింద సందు నిండదు.

ట్రైలర్ కింది సామాన్ల అరలో టేపు ఉంచడం చాలామంది చేసే పని, పనిముట్లన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి. ఎండలో మూసి నిలిపిన ట్రైలర్‌లో వేడి గరాజ్ కంటే ఎక్కువ. ఇంటి అటక ఇంకా అన్యాయం. ఇంట్లో బట్టల క్లోజెట్ కింది అర, లేదా బేస్‌మెంట్ ఉన్న ఊళ్లలో తేమలేని బేస్‌మెంట్ అర సరైన చోటు. 60 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే చాలు. పెట్రోలు డబ్బా, పెయింట్ థిన్నర్, లక్క రిమూవర్ లాంటివి ఉన్న అల్మరాలో పెట్టొద్దు. ఆ ఆవిరి జిగురులోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది.

ఎలా పెట్టాలంటే, రోల్‌ని చక్రంలా నిలబెట్టకుండా పడుకోబెట్టండి. నిలబెడితే కింద తగిలే భాగం చదునై అక్కడ పొరలు నలుగుతాయి. పడుకోబెట్టినప్పుడు కిందా పైనా ఒక్కో బేకింగ్ పార్చ్‌మెంట్ కాగితం పెట్టండి, దానికి సిలికోన్ పూత ఉంటుంది కాబట్టి అంటుకోదు. వ్యాక్స్ పేపర్ వద్దు, వెచ్చదనానికి ఆ మైనం టేపు అంచుకి పట్టుకుంటుంది. ఒకదాని మీద ఒకటి రెండుకు మించి పేర్చకండి. రోల్స్ మీద డ్రిల్ పెట్టెలాంటి బరువులు అసలు వద్దు. వాడగా మిగిలిన రోల్ అయితే తెరిచిన చివర కాగితాన్ని టేపు చివర కంటే ఒక అంగుళం బయటికి వదిలి మడవండి, గాలి తీసేసిన జిప్ కవరులో పెట్టి మూయండి. కవరు మీద మార్కర్‌తో కొన్న నెల, విప్పిన నెల రాయండి. ఈ చిన్న పని చేయనివాళ్లకే మూడేళ్ల తర్వాత ఏ రోల్ ఎప్పటిదో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది. మిగులు ఎప్పుడూ ఉంటుంది మరి: ట్రైలర్ వెడల్పు ఎనిమిదడుగుల పైచిలుకు, అటూ ఇటూ పక్కలకి దింపినా ముందు అతుకుకి 10 అడుగులు చాలు, 50 అడుగుల రోల్‌లో 40 అడుగులు మిగిలిపోతాయి.

చలి సంగతి వేరు. గడ్డకట్టే చలికి బ్యూటైల్ పాడవదు, ఊరికే బిగుసుకుంటుంది. మిషిగన్, మిన్నెసోటా వైపు గరాజ్‌లో శీతాకాలం గడిపిన రోల్‌ని భయపడి పారేయొద్దు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: చల్లటి చోటి నుంచి ఇంట్లోకి తెచ్చాక కవరు విప్పకుండా ఒక రాత్రంతా వదలండి. వెంటనే విప్పితే టేపు మీద మంచులా తడి పడుతుంది, ఆ తడి మీద ఏదీ అంటదు. అంటించే రోజు కప్పు ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పైన ఉంటే పని హాయిగా సాగుతుంది. చలిగా ఉంటే హీట్ గన్‌తో కప్పుని వెచ్చబెట్టండి గానీ రోల్‌ని కాదు. రోల్‌ని వేడిచేస్తే పై పొరలు కరిగి లోపలివి అలాగే ఉంటాయి.

తేదీ ఎక్కడ చూడాలంటే, రోల్ లోపలి అట్ట గొట్టం మీద గానీ, పెట్టె అంచున గానీ ఒక సంఖ్య ముద్రించి ఉంటుంది. చాలా కంపెనీలు సంవత్సరం తర్వాత ఆ ఏడాదిలో ఎన్నో రోజో వేస్తాయి. 24136 అని ఉంటే 2024లో 136వ రోజు, అంటే మే 15. మీరు కొన్న తేదీ కంటే ఇది ముఖ్యం. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిన రోల్ అప్పటికే గోదాములో రెండు వేసవులు చూసి ఉండొచ్చు. కొత్తగా వచ్చిన రోల్‌కైనా మొదటి రోజే ఆ సంఖ్య చూసి, బాగా పాతదైతే అప్పుడే వెనక్కి పంపండి.

ఇప్పుడు పరీక్షలు. రోల్స్‌ని ముందురోజే ఇంట్లోకి తెచ్చి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచండి. చల్లటి టేపు మీద పరీక్ష పెడితే మంచిదాన్ని కూడా చెడ్డదనుకుంటారు. బయటి మొదటి చుట్టు మొత్తం కోసి పక్కన పెట్టండి, అది ఎలాగూ పోయినట్టే లెక్క. లోపలి చుట్లు బాగుండటానికి చాలా అవకాశం ఉంది.

మొదట కాగితం. అడుగు పొడవు విప్పి కాగితం తీయండి. ఒక్క ఊపులో, చిరగకుండా, టేపుని లేపకుండా రావాలి. పీలికలుగా వస్తూ జిగురులో ఇరుక్కుంటుంటే ఆ రోల్‌ని వదిలేయండి. ఇరుక్కున్న ప్రతి కాగితపు పీలికా నీటికి దారే.

తర్వాత సాగుడు. రెండంగుళాల బ్యూటైల్ ముక్కని రెండు చేతులతో మెల్లగా, ఐదారు సెకన్లు పట్టేలా లాగండి. నడుం సన్నబడుతూ మూడు నాలుగు రెట్లు సాగి చివరికి దారంలా తెగాలి. ఎండిన చపాతీ పిండి ముద్దలా గరుకుగా విరిగిందంటే నూనె పోయినట్టు. గట్టిగా, వేగంగా లాగితే కొత్త టేపు కూడా తెగుతుంది, కాబట్టి నిదానం ముఖ్యం. తర్వాత బొటనవేలు టేపు మీద పది సెకన్లు అదిమి లేపండి. వేలికీ టేపుకీ మధ్య సన్నటి పోగులు లేవాలి. పోగుల్లేకుండా వేలు ఊరికే పొడిగా ఊడివస్తే పై పొర గట్టిపడింది.

అసలు పరీక్ష అద్దంతో చేసేది, దీన్ని వదలొద్దు. పాత ఫొటో ఫ్రేమ్ అద్దం ఒకటి తీసుకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. నాలుగంగుళాల టేపుని దాని మీద పరిచి, పైన చెక్క ముక్క పెట్టి, బియ్యం సంచిలాంటి పది పౌన్ల బరువు ఒక గంట ఉంచండి. ఎటెర్నాబాండ్ అయితే బరువు బదులు చేతి రోలర్‌తో గట్టిగా నాలుగైదుసార్లు నొక్కండి, అది ఒత్తిడికే పట్టుకునే రకం. ఇప్పుడు అద్దాన్ని తిప్పి అవతలి పక్క నుంచి చూడండి. జిగురు అద్దాన్ని తడిపిన చోట ముదురుగా, నున్నగా, ఒకే రంగులో కనిపిస్తుంది. తడపని చోట గాలి పొర చిక్కి వెండి రంగులో మెరుస్తుంది. అక్కడక్కడా ఆవగింజంత మెరుపులు ఉంటే పర్వాలేదు. మెరుపులు ఒకదానికొకటి కలిసి అంచు నుంచి అంచు దాకా కాలువలా కనిపిస్తే మాత్రం ఆ టేపు మీ కప్పు మీద కూడా అలాంటి కాలువలే వదులుతుంది. అదే ముక్కని 24 గంటలు ఉంచి పీకి చూడండి. జిగురు మందంలోనే చీలి సగం అద్దం మీద, సగం టేపు మీద ఉంటే పట్టు మంచిది. అద్దం శుభ్రంగా మిగిలి టేపు మొత్తం ఊడివస్తే ఆ రోల్ పనైపోయినట్టే.

ఎటెర్నాబాండ్‌లో ఇంకొకటి చూడాలి. పై తెల్ల పొర అంచుల దగ్గర కుంచించుకుపోయి జిగురు బయటికి కనిపిస్తోందేమో, గోటితో గీకితే ఆ పొర జిగురు నుంచి విడిపోతోందేమో చూడండి. అంచు మాత్రమే ధూళి పట్టి ఉంటే ఆ అంచుని పావు అంగుళం కోసేసి మిగతాది వాడుకోవచ్చు. పొర విడిపోతుంటే వాడకూడదు.

మీ విప్పని రోల్స్ ఇవన్నీ నెగ్గాయనుకుందాం. వెంట్‌కి సుమారు ఆరడుగుల బ్యూటైల్ పడుతుంది, 14 అంగుళాల చదరపు రంధ్రానికి వేసే వెంట్ ఫ్లాంజ్ చుట్టుకొలత దాదాపు అంతే. టేపు రెండు చివరలూ మూలలో కలవకుండా ఒక పక్క మధ్యలో కలపండి, అర అంగుళం ఒకదాని మీద ఒకటి వేసి వేలితో పిసికి ఒకటి చేయండి. పాత సీలెంట్‌ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీయండి, లోహపు కత్తి కప్పు రబ్బరుని కోస్తుంది. పాత సిలికోన్ జాడ ఏ కొంచెం ఉన్నా దాని మీద ఎంత కొత్త టేపైనా నిలవదు, కాబట్టి అక్కడ ఓపిగ్గా తీయాలి. కప్పు ఈపీడీఎం (కప్పులకి వాడే ఒక రకం కృత్రిమ రబ్బరు) అయితే మినరల్ స్పిరిట్స్, పెట్రోలు జాతి ద్రావకాలు తగలనివ్వొద్దు, రబ్బరు ఉబ్బి పొంగులు తేలుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక ఆల్కహాల్‌తో తుడవండి. ఈపీడీఎం ఏళ్లు గడిచేకొద్దీ సుద్దలా తెల్లపొడి రాలుస్తుంది. గుడ్డకి ఆ తెలుపు అంటడం ఆగే దాకా తుడవాలి, లేకపోతే టేపు ఆ పొడికి అంటుకుంటుంది గానీ కప్పుకి కాదు. చాలా వైఫల్యాలు పాత టేపు మీదికి నెడతారు గానీ అసలు కారణం ఈ పొడే.

స్క్రూలు ఎదురెదురు మూలలుగా, నాలుగు దఫాల్లో బిగించండి. బ్యూటైల్ అంచు చుట్టూ సమానంగా కొంచెం బయటికి రాగానే ఆపండి. మరీ బిగిస్తే మొత్తం బయటికి వచ్చేసి ఫ్లాంజ్ కింద ఏమీ మిగలదు. మర్నాడు వెచ్చటి పూట మళ్లీ అరచుట్టు బిగించండి, రాత్రికి టేపు ఇంకొంచెం పారి స్క్రూలు వదులవుతాయి. బయటికొచ్చింది ప్లాస్టిక్ కత్తితో కోసి, స్క్రూ తలల మీద, ఫ్లాంజ్ అంచున సెల్ఫ్ లెవెలింగ్ ల్యాప్ సీలెంట్ (తనంతట తానే పారి చదునయ్యే ట్యూబ్ సీలెంట్) పోయండి. ఒక వెంట్‌కి ఒక ట్యూబ్ అనుకోండి. ఈ ట్యూబ్ విషయంలో మాత్రం పరీక్షలు, ఉపాయాలు ఏమీ లేవు. గడువు దాటితే కొత్తది కొనడమే, లోపలే గట్టిపడటం మొదలైనది సరిగా పారదు.

ముందు అతుకు మీద ఎటెర్నాబాండ్ వేసేటప్పుడు ఒకసారి తగిలిందంటే లేపి సర్దలేరు. ముందు గీత గీసుకుని, కాగితం అడుగు చొప్పున తీస్తూ, మధ్య నుంచి అంచులకి రోలర్ నడపండి. కోసిన చివరల మూలల్ని కత్తెరతో గుండ్రంగా చేయండి. చదరపు మూల గాలికి ముందు లేస్తుంది.

పరీక్ష ఓడిన టేపు స్థానంలో ఇంట్లో ఉన్న తారు జిగురు కిటికీ టేపు వాడొద్దు. ఆ తారు నూనెలు ఈపీడీఎం, టీపీవో (ప్లాస్టిక్ జాతి పొర) కప్పులకి మరకలు పెట్టి మెత్తబరుస్తాయి. కొత్త బ్యూటైల్ రోల్ ధర, కప్పు కింద పలచటి ప్లైవుడ్ కుళ్లితే అయ్యే ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు. తేడా కొట్టినప్పుడు సందేహం ఉన్న రోల్‌ని వదలడమే మేలు. కొత్తది వేశాక కూడా చాలా కంపెనీల మాన్యువల్స్ చెప్పినట్టు 90 రోజులకోసారి కప్పెక్కి చూడండి.

ఇండియాలో రేకుల షెడ్డుకి, వాటర్ ట్యాంకుకి వేసే అల్యూమినియం పొర బ్యూటైల్ టేపుకీ ఇవే సూత్రాలు. అక్కడ కొనేటప్పుడు షాపు బయట ఎండలో వేలాడదీసిన రోల్ కాకుండా లోపల నుంచి తీయించుకోండి, పెట్టె అడుగున నూనె మరక లేదని చూసుకోండి.

మీ సగం వాడిన బ్యూటైల్‌ని పారేయక్కర్లేదు. ట్రైలర్ అడుగున పైపులు, వైర్లు లోపలికి వెళ్లే రంధ్రాల చుట్టూ దుమ్ము రాకుండా కూరడానికి పనికొస్తుంది. ప్రయాణంలో అత్యవసరానికి మాత్రం మంచి ఎటెర్నాబాండ్‌లోంచి ఐదడుగుల ముక్క కాగితంతో సహా కోసి, జిప్ కవరులో పరిచి, ట్రైలర్ లోపల నేలకి దగ్గరగా నీడ పట్టున ఉన్న అరలో పెట్టుకోండి, పక్కన చిన్న రోలర్, ఆల్కహాల్ తుడుపు కాగితాలు రెండు. ఆ ముక్క వేసవంతా ట్రైలర్ వేడిలోనే ఉంటుంది కాబట్టి ప్రతి వసంతం తీసి కొత్త ముక్క పెట్టండి.